అమ్మమ్మ ఆరు నెలలు, నానమ్మ ఆరు నెలలు: బౌల్బీ లెక్కలో ఇదెక్కడ?

పీజీ_సైకాలజీ: అమెరికాలో ఇద్దరూ ఉద్యోగాలు చేసే మనవాళ్ళ ఇళ్ళలో ఇది మామూలే. విజిటర్ వీసా మీద అమ్మమ్మ వచ్చి ఆరు నెలలు పాపని చూసుకుంటుంది, ఆవిడ వెళ్ళగానే నానమ్మ దిగుతుంది. ఉమ్మడి కుటుంబమే, కాకపోతే వంతులవారీ. బ్రిటిష్ మానసిక వైద్యుడు బౌల్బీ ఏమో బిడ్డ బంధం ప్రధానంగా ఒక్కరితోనే అంటాడు. ఈ పిల్లలంతా దెబ్బతిన్నట్టేనా? సెమినార్ పేపర్లో ఏం రాయను?

తర్కవాగీశ: బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి రాసిన నివేదిక ఇల్లూ తల్లీ దూరమై, ఎక్కువగా సంస్థల్లో పెరిగిన పిల్లల గురించి. అందులోని నష్టాన్ని అమ్మమ్మ చంకనున్న పిల్లకి అంటగట్టొద్దు. 1964లో షాఫర్, ఎమర్సన్ గ్లాస్గోలో 60 మంది పసివాళ్ళని గమనిస్తే, ఏడాదిన్నరకల్లా ఎక్కువమంది ఒకరికన్నా ఎక్కువమందికి మాలిమి అయ్యారు. పక్కన ఎన్ని గంటలున్నారని కాదు, ఏడిస్తే ఎంత త్వరగా పలికారన్నదే ముఖ్యమని తేలింది. 1972లో రట్టర్ ఇంకో తేడా చూపించాడు: బంధం అసలు ఏర్పడకపోవడం వేరు, ఏర్పడింది తెగడం వేరు. మీ కేసు రెండోది. పేపర్ అక్కణ్ణుంచి మొదలెట్టండి.

గోరుముద్ద: ఎంతమంది పెంచారన్నది కాదు, ఎప్పుడు మారారన్నది చూడాలి. కొత్తముఖం భయం ఎనిమిదో నెల ప్రాంతంలో పుడుతుంది, విడిచి వెళ్తే ఏడుపు 10–18 నెలల మధ్య ముదురుతుంది. ఆ వయసులో మనిషి తెల్లారేసరికి మాయమైతే నిద్ర చెడుతుంది, తిండి మానేస్తుంది, చంక దిగదు. టికెట్లు కనీసం రెండు వారాలు కలిసేలా కొనాలి (వియ్యపురాళ్ళిద్దరూ ఒకే వంటింట్లో రెండు వారాలు, అది వేరే థ్రెడ్!). కొత్తావిడ ముందు ఆటలో దిగాలి, తర్వాత అన్నం, ఆపైన స్నానం. అదే జోల, అవే వేళలు. వెళ్ళేవాళ్ళు దొంగచాటుగా ఎయిర్‌పోర్టుకి పోకుండా పిల్లతో టాటా చెప్పించుకుని వెళ్ళాలి. రాత్రి నిద్రపుచ్చే పని మాత్రం మొదటి నుంచీ అమ్మానాన్నలదే.

తర్కవాగీశ: ఆ చివరి మాటకి ఆధారం ఇజ్రాయెల్ కిబ్బుట్జ్‌లలో (అందరూ కలిసి బతికే సామూహిక పల్లెలు) ఉంది. 1994లో సాగీ బృందం పోల్చింది: రాత్రిళ్ళు కూడా సామూహిక గదిలో పడుకున్న పిల్లల్లో 48 శాతానికి, ఇంట్లో పడుకున్నవాళ్ళలో 80 శాతానికి తల్లితో భద్రమైన బంధం. పగలు పెంపకం ఇద్దరిదీ దాదాపు ఒకటే.

ఇంకోటి. తల్లీబిడ్డల బంధం ఎంత భద్రమో కొలిచే ఐన్స్‌వర్త్ పరీక్ష ఫలితాలతో జాగ్రత్త. అందులో తల్లి మధ్యలో రెండుసార్లు బయటికి వెళ్తుంది. అమ్మని వదిలి ఉండే అలవాటే తక్కువున్న జపాన్ పిల్లలు, సపోరోలో, గుక్కపట్టారు. వాళ్ళని ‘అభద్రం’ గంపలో వేశారు. 1988లో ఇదే పరీక్ష వాడిన 8 దేశాల 32 అధ్యయనాలు కలిపి చూస్తే తేడాలు దేశాల మధ్యకన్నా ఒకే దేశం లోపల ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ఆ ఎనిమిదిలో మన దేశం లేదు.

పీజీ_సైకాలజీ: పుట్టిన నెలలోనే అమ్మమ్మ వస్తే?

గోరుముద్ద: మొదటి మార్పు ఆరో నెలలో, రెండోది పన్నెండులో పడుతుంది. మొదటిది తేలిగ్గా గడిచిపోతుంది, అందుకే రెండోదానికి ఎవరూ సిద్ధపడరు. టికెట్ డబ్బు ఒక్కసారికే కుదిరితే, ఆ రెండు వారాలూ రెండోసారికి దాచండి.