వర్క్‌షాప్‌లో పెల్లెట్ స్టవ్ పెట్టొచ్చా? ఎంత సైజుది తీసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేముండేది మిషిగన్‌లో. ఇంటి వెనక విడిగా ఉన్న 24 x 30 అడుగుల షెడ్డులో పూజా మందిరాలు, పీటలు చేసి అమ్ముతుంటాను. చలికి చేతులు కొంకర్లు పోయినా ఎలాగో నెట్టుకొస్తాను, తంటా అంతా జిగురుతోనే. పోయిన జనవరిలో ఒక మందిరం తలుపుకి క్లాంపు తీయగానే పలక చేతిలోకి ఊడొచ్చింది. అతుకు లోపల జిగురు సుద్దపొడిలా తెల్లగా ఉంది. షెడ్డు దాకా గ్యాస్ లైన్ లేదు. డబ్బా మీద ‘2,000 చదరపు అడుగులకు’ అని రాసిన పెల్లెట్ స్టవ్ (నొక్కి చేసిన చెక్కపొట్టు గుళికల్ని కాల్చే పొయ్యి) తీసుకుంటే సరిపోతుందా? ఇంకోటి, నా దగ్గర రంపప్పొట్టు బస్తాలకొద్దీ పడి ఉంది. దాన్ని అందులో వాడుకోవచ్చా?

జవాబు:
పొట్టు మాత్రం వద్దండీ. ఆ స్టవ్‌లో ఆగర్ అని ఒక పొడుగాటి మరస్క్రూ ఉంటుంది, అది గుళికల్ని కొంచెం కొంచెంగా మంటలోకి తోస్తుంది. పొట్టు పోస్తే అక్కడే బిగుసుకుపోతుంది.

డబ్బా మీది చదరపు అడుగులు వదిలేసి బీటీయూ (వేడిని కొలిచే లెక్క) చూడండి. పౌండు గుళికలకు సుమారు 8,000 బీటీయూ వస్తుంది. చిమ్నీలోంచి పోయేది పోగా గదికి దక్కేది 6,000 దాకా. గోడలకు, పైకప్పుకు ఇన్సులేషన్ ఉంటే మీ షెడ్డుకి గంటకు ఓ 30,000 చాలొచ్చు. అంటే గంటకు 5 పౌండ్లు, 40 పౌండ్ల బస్తా ఎనిమిది గంటల్లో ఖాళీ. ఇన్సులేషన్ లేకపోతే ఆ డబ్బు ముందు గోడలకు పెట్టండి.

ఇక్కడి టన్ను (2,000 పౌండ్లు) అంటే 50 బస్తాలు. పొడిగా ఉండే చోటు చూసుకోండి. తడిస్తే ఉబ్బి విడిపోతాయి, అప్పుడు మీరడిగిన పొట్టు అదే తయారవుతుంది!

ఇంకొకరి జవాబు:
అన్నా, సైజు సంగతి తర్వాత. పాలిష్ ఎక్కడ కొడతావు? లాకర్, థిన్నర్ లాంటి మండే ఆవిర్లు ఉండే చోట కట్టె, పెల్లెట్ స్టవ్‌లు పెట్టకూడదని ఎన్‌ఎఫ్‌పీఏ 211 (పొగగొట్టాలు, కట్టె పొయ్యిల మీద అమెరికా అగ్ని భద్రతా ప్రమాణం) చెబుతోంది. మంటకు కావలసిన గాలిని బయటినుంచి తెచ్చే పైపు పెట్టినా ఆ ఇబ్బంది పోదు, స్టవ్ ఒళ్ళు వేడిగానే ఉంటుంది కదా. పైగా నీది చెక్కపని, సన్నపొడి గాల్లో తేలుతూనే ఉంటుంది.

నా కథ విను. నాది చిన్న ఎంబ్రాయిడరీ షాపు. స్టవ్ కొనేశాక ఇన్సూరెన్సు వాళ్ళకు చెప్పాను. మాన్యువల్‌లో ‘ఇళ్ళలో వాడకానికి మాత్రమే’ అన్న ఒక్క ముక్క చూపించి కుదరదన్నారు. సగం ధరకు అమ్ముకున్నాను. ముందు వాళ్ళకు, సిటీ పర్మిట్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ తర్వాతే షాపుకెళ్ళు. కరెంటు పోతే కూడా ఆ స్టవ్ ఆగిపోతుంది, ఆగర్, ఫ్యాన్లు తిరగాలిగా.

అడిగినవారు:
లాకర్ స్ప్రే ఆ షెడ్డులోనే, ఒక మూల కొడతాను. ఇక స్టవ్ ఆలోచన మానేసినట్టే. మరి దారేది? జిగురు సీసా ఇంట్లోనే పెట్టుకుని వాడుతున్నాను, అయినా అతుకు నిలవడం లేదు.

ఎంబ్రాయిడరీ షాపు అన్న:
చలి ప్రాంతాల మినీ స్ప్లిట్ (గదిని వెచ్చబెట్టే ఏసీ లాంటి హీట్ పంప్) చూడు. మైనస్ 13 ఫారెన్‌హీట్‌లోనూ పనిచేసే మోడళ్ళు ఉన్నాయి, మంట ఉండదు. అయినా స్ప్రే పని మాత్రం షెడ్డు బయటికి మార్చుకో, కరెంటు సామానుకీ ఆ ఆవిర్లకీ పడదు.

జిగురు వెచ్చగా ఉంటే చాలదు, చెక్క చల్లగా ఉంటే అంటుకున్న క్షణంలోనే అదీ చల్లబడుతుంది. మామూలు తెల్ల, పసుపు జిగుళ్ళకు చెక్క కూడా 50, 55 ఫారెన్‌హీట్ దాకా ఉండాలి. మినీ స్ప్లిట్ వచ్చేదాకా తలుపు పలకలు ముందురోజు రాత్రే ఇంట్లోకి తెచ్చుకుని, అక్కడే అతికించి, క్లాంపులతో సహా తెల్లారేదాకా వదిలెయ్. హాల్లో రెండ్రోజులు క్లాంపులు కనిపిస్తాయి, వదినకు ముందే చెప్పు.