ఏడో తరగతిలో ఇద్దరు పిల్లలు క్లాసు కంటే చాలా ముందున్నారు: అదే పీరియడ్‌లో వాళ్లకేం ఇవ్వాలి?

లెక్కల_టీచర్_7బి

జడ్పీ హైస్కూల్, ఏడో తరగతి, 41 మంది. గణితం నాదే. ఒక అమ్మాయి లెక్క బోర్డు మీద రాయడం పూర్తయ్యేలోపు జవాబు నోట్‌బుక్‌లో రాసేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. ఒక అబ్బాయికి ఎఫ్‌ఏల్లో (ఏడాది మధ్యలో బడిలో జరిగే ఫార్మేటివ్ పరీక్షల్లో) 50 శాతం రావడమే కష్టం. రాత చెదిరిపోయి ఉంటుంది, స్టెప్పులు రాయడు. కానీ నోటితో అడిగితే నేను చెప్పని దారిలో సరైన జవాబుకి వస్తాడు. అదే గదిలో ఓ డజను మందికి భాగహారమే నిలకడగా రాదు, సహజంగా నా సమయమంతా అటే పోతుంది.

విడిగా పీరియడ్ దొరకదు, బడి అయ్యాక ఆపలేను, పిల్లలు బస్సుకి వెళ్లాలి. కాబట్టి ఉన్న 45 నిమిషాల్లో కుదిరేవి చెప్పండి. ఏ పరీక్షలకు పంపాలి? అబ్బాయిని కూడా ముందున్న పిల్లల్లో చేర్చాలా వద్దా? ఇలాంటి పిల్లల కోసం టీచర్లకు ట్రైనింగ్ ఏమైనా ఉందా?

స్లేటు_బలపం

మేడమ్, మెటీరియల్ తర్వాత. ముందు వాళ్ల సమయం వాళ్లకు తిరిగి ఇవ్వాలి. వచ్చిన పాఠాన్ని మళ్లీ చేయించినంత కాలం ఎంత మంచి పుస్తకం తెచ్చిపెట్టినా తెరవడానికి వ్యవధి ఉండదు. అమెరికాలో జోసెఫ్ రెంజుల్లి బృందం దీన్నే ఒక పద్ధతిగా పెట్టింది: పాఠం మొదలుపెట్టక ముందే ఏం వచ్చో తేల్చడం, వచ్చినంత మేర వదిలేయడం, మిగిలిన సమయానికి వేరే పని ఇవ్వడం.

మన గదిలో తేలిగ్గా నడిచే రూపం ఇది. ‘సామాన్య సమీకరణాలు’ తీసుకోండి. అభ్యాసంలో అన్నిటికంటే కష్టమైన 5 లెక్కలకు ముందే చుక్క పెట్టుకోండి, ఎక్కువగా చివరి పద సమస్యలే అవుతాయి. భావన పరిచయం చేసి ఒకటి రెండు ఉదాహరణలు అయ్యాక క్లాసు మొత్తానికీ చెప్పండి: “ఎవరైనా సరే ముందు ఈ 5 చేయొచ్చు. 15 నిమిషాల్లో 4 సరిగ్గా వస్తే మిగతా అభ్యాసం చేయనక్కర్లేదు.” ఆ ఇద్దరికే చెప్పొద్దు, అందరికీ చెప్పండి. మీరు ఊహించని మూడోవాడు ఎప్పుడైనా బయటపడేది ఇక్కడే.

నాలుగు రాకపోతే గొడవేమీ లేదు, అందరితో పాటు అభ్యాసం చేస్తారు. ఈ 5 లెక్కల్లో రెండింటికి మాత్రం పూర్తి స్టెప్పులు అడగండి, మిగతా మూడింటికి జవాబు చాలు. అన్నిటికీ స్టెప్పులు అడిగితే ముందే ముగించాలన్న ఉత్సాహం పోతుంది, అసలు అడగకపోతే పరీక్షలో మార్కులు పోతాయి.

ఈ పద్ధతి చెడిపోయేది ప్రధానంగా రెండు చోట్ల. మొదటిది, 15 నిమిషాల్లో ముగించిన పిల్లకి “సరే, ఇంకో పది చెయ్” అనడం. త్వరగా ముగిస్తే ఎక్కువ పని పడుతుందని పిల్లలకు వారంలోనే అర్థమవుతుంది, ఆ తర్వాత కావాలనే నెమ్మదిస్తారు. రెండోది, తర్వాతి పని సిద్ధంగా లేకపోవడం. ఒక అట్ట ఫైలులో 6 పనులు, ఒక్కోటి ఒక్కో కాగితం మీద, పాఠం మొదలయ్యే ముందే ఉండాలి. ఫైలుకి మూడు నియమాలు చాలు: నేను బోధిస్తున్నప్పుడు ప్రశ్నలు అడగొద్దు, పక్కవాళ్లను కదిలించొద్దు, పీరియడ్ చివర ఏం చేశావో రెండు వాక్యాలు తేదీ వేసి రాయి. వారానికోసారి ఆ వాక్యాలు మీరు చదివితే చాలు, రోజూ దిద్దాల్సిన పని లేదు.

ట్రైనింగ్ సంగతి. జాతీయ విద్యా విధానం 2020లో 4.43 నుంచి 4.46 వరకు పేరాలు ఈ పిల్లల గురించే. ఎన్‌సీఈఆర్‌టీ, ఎన్‌సీటీఈ (ఉపాధ్యాయ విద్యను చూసే జాతీయ మండలి) మార్గదర్శకాలు రూపొందిస్తాయని, బీఎడ్‌లో ఈ అంశంపై ప్రత్యేకత ఇవ్వొచ్చని, పాఠశాల, స్కూల్ కాంప్లెక్స్, జిల్లా స్థాయుల్లో క్లబ్బులు ఉండాలని రాశారు. దాన్ని చూపించి కాంప్లెక్స్ సమావేశంలో ఒక గంట అడగొచ్చు. అంతకు మించి దాని కోసం ఎదురుచూడకండి.

ఎనిమిదో_ఎక్కం

ఫైల్లో ఏం పెట్టాలో నేను చెబుతా. ఎనిమిదో తరగతి పుస్తకం మాత్రం పెట్టొద్దు, వచ్చే ఏడాది మళ్లీ ఇదే ఇబ్బంది మొదలవుతుంది. ఏడో తరగతి గణితంతోనే మొదలై లోతుకు పోయేవి కావాలి.

ఒకటి: వరుస సంఖ్యల కూడిక. 9 = 4+5, 9 = 2+3+4. 1 నుంచి 50 వరకు ప్రతి సంఖ్యనూ ఇలా వరుస సహజ సంఖ్యల మొత్తంగా ఎన్ని రకాలుగా రాయొచ్చో పట్టిక వేయమనండి. ప్రశ్నలన్నీ ఒకేసారి ఇవ్వొద్దు, ఈ వరుసలో ఒక్కోటి ఒక్కో పీరియడ్‌కి వదలండి. రెండు సంఖ్యల మొత్తంగా వచ్చేవి ఏవి? (3 నుంచి బేసి సంఖ్యలన్నీ.) మూడింటి మొత్తంగా వచ్చేవి? (6 నుంచి 3 గుణిజాలు.) నాలుగింటివి? 10, 14, 18... ఇవి 4 గుణిజాలు ఎందుకు కావు? అసలు ఏ రకంగానూ రానివి ఏవి? 1, 2, 4, 8, 16, 32 అని పట్టికే చెబుతుంది, కానీ “ఎందుకు” దగ్గర ఆగిపోతారు. అక్కడ చెప్పేయకండి. చివరి మెట్టు: 45కి సరిగ్గా 5 రకాలు ఎందుకున్నాయి? 1 కాక దానికున్న బేసి కారణాంకాలు 3, 5, 9, 15, 45. ఈ లింకు తనంతట తను పట్టుకున్న పిల్లకి మీరు వేరే పరీక్ష పెట్టనక్కర్లేదు.

రెండు: 1/7, 1/11, 1/13, 1/17, 1/37 లను చేత్తో భాగించడం. క్యాలిక్యులేటర్ వద్దు, శేషాలు పక్కన రాసుకుంటేనే విషయం కనిపిస్తుంది. 1/7లో 6 అంకెలు తిరుగుతాయి, 1/17లో 16, 1/13లో మాత్రం 6 మాత్రమే. 7తో భాగిస్తే ఆరుకు మించి అంకెలు ఎందుకు తిరగవు? శేషం 1 నుంచి 6 లోపే ఉండాలి కాబట్టి, ఏడోసారికి పాతదేదో తిరిగి రావాల్సిందే. 1/8 ఎందుకు ఆగిపోతుంది? దీంట్లో ఒక లాభం ఉంది: మీ భాగహారం రాని డజను మంది కూడా ఇదే పని 1/3, 1/6తో చేయొచ్చు. ఒకే పనికి రెండు మెట్లు, గదిలో ఎవరికీ వేరే బ్యాచ్ అనిపించదు.

మూడు: చదరంగం బల్ల మీద చతురస్రాలు ఎన్ని? (64 కాదు, 204.) దీర్ఘచతురస్రాలు? (చతురస్రాలతో కలిపి 1296.) 2×2, 3×3 బల్లలతో మొదలుపెట్టి పట్టిక వేయమనాలి. నేరుగా 8×8 లెక్కపెట్టడం మొదలుపెడితే విసిగి వదిలేస్తారు.

పజిల్ పుస్తకాలు, సుడోకు కాలక్షేపానికి బాగుంటాయి. కానీ జవాబు రాగానే పని అయిపోతుంది, ఆ తర్వాత అడగడానికి ప్రశ్న ఉండదు. ఫైల్లో వాటి వంతు తక్కువే ఉంచండి.

పలకమీద_చుక్క

అబ్బాయి గురించి. చేర్చాలి. మార్కులు, చక్కటి రాత, హోంవర్క్ చూసి ఎంచితే మనకు దొరికేది బుద్ధిగా చదివే పిల్లలు. వాళ్లలో కొందరు నిజంగా ముందుంటారు, అందరూ కాదు. రెంజుల్లే 1978లో చెప్పిన మూడు: సగటుకు పైన సామర్థ్యం, సృజన, పట్టిన పనిని వదలకపోవడం. మూడూ కలిసినచోట చూడమన్నాడు, మార్కుల జాబితాలో కాదు.

రెండు వారాలు ఈ మూడు గమనించి తేదీలతో రాయండి: చెప్పని పద్ధతిలో చేశాడా, ఒక లెక్కలో నేర్చింది సంబంధం లేనిచోట వాడాడా, “అలా ఎందుకు” అని తిరిగి అడిగాడా. రాత లేకుండా నోటితో జవాబు చెప్పే అవకాశం కనీసం వారానికోసారి ఇవ్వండి. ఇంగ్లీషు మీడియం సెక్షన్ అయితే ప్రశ్న తెలుగులో కూడా చెప్పండి. పద సమస్య అర్థం కాక ఆగిపోయే పిల్లాడికీ, గణితం రాక ఆగిపోయే పిల్లాడికీ పేపరు మీద తేడా కనిపించదు.

ఇతని విషయంలో ఇంకొకటి చూడాలి. తెలుగు పేరా గట్టిగా చదివించండి. ఒత్తులు, గుణింతాలు వదిలేస్తున్నాడా, బోర్డు మీంచి ఎక్కించుకోవడంలో అంకెలు తారుమారవుతున్నాయా, 10 నిమిషాలు రాస్తే చెయ్యి నొప్పంటున్నాడా? చదవడంలోనూ రాయడంలోనూ ఇబ్బంది పడుతూ ఆలోచనలో ముందుండే పిల్లలు ఉంటారు. బలం లోపాన్ని కప్పేస్తుంది, లోపం బలాన్ని కప్పేస్తుంది, చివరికి సగటు విద్యార్థిగా మిగిలిపోతారు. ప్రత్యేక అభ్యసన వైకల్యం 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది, కాబట్టి మండలంలోని ఐఈఆర్‌పీతో (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే రిసోర్స్ టీచర్) మాట్లాడి పరీక్షకు పంపండి. ఈలోగా గళ్ల నోట్‌బుక్ ఇవ్వండి, గడికో అంకె. స్థానాలు జరిగిపోయి వచ్చే తప్పులు దానితోనే చాలా వరకు తగ్గుతాయి.

తల్లిదండ్రులకు ముందే చెప్పాల్సిన మాట: వేలిముద్రలు చూసి ప్రతిభ చెబుతామనే డీఎంఐటీ, కళ్లకు గంతలు కట్టి చదివిస్తామనే మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్. రెండింటికీ శాస్త్రీయ ఆధారం లేదు. వేలకు వేలు తీసుకుంటారు.

నామినల్_రోల్

పరీక్షల విషయం నాకు వదలండి. ఈ ఏడాది ఏడో తరగతి కాబట్టి తొందర లేదు, కానీ ఒకటి ఇప్పుడే చూసుకోవాలి.

ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్, అంటే కేంద్రం ఇచ్చే ప్రతిభా స్కాలర్‌షిప్ పరీక్ష. మ్యాట్ (ఆలోచనా సామర్థ్యం) 90 ప్రశ్నలు, శాట్ (పాఠ్యాంశాలు) 90, ఒక్కోదానికి 90 నిమిషాలు. శాట్‌లో సైన్స్ 35, సాంఘికం 35, గణితం 20, అంటే లెక్కలొక్కటే వస్తే సరిపోదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు సంవత్సరానికి ₹12,000. కుటుంబ ఆదాయం ₹3.5 లక్షలు దాటకూడదు. రాయాలంటే ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకు 50. మీ అబ్బాయికి అడ్డం పడేది ఇదే మేడమ్. స్టెప్పులు రాయక ఏడాది చివర 55 లోపు తెచ్చుకుంటే వచ్చే ఏడాది దరఖాస్తే పెట్టలేడు.

ఎంపికయ్యాక డబ్బు పోగొట్టుకునే కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయకపోవడం, తర్వాతి ఏడాది రెన్యువల్ మర్చిపోవడం, ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా బడి రికార్డులో ఒకలా ఉండటం. పదో తరగతిలో 60 శాతం (ఎస్సీ ఎస్టీలకు 55) రాకపోతే ఇంటర్‌కి కొనసాగదు. పిల్లాడు మధ్యలో నవోదయకో ప్రభుత్వ గురుకులానికో మారితే కూడా ఆగిపోతుంది. ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పండి. పేర్ల సవరణ ఇప్పుడే మొదలుపెడితే వచ్చే ఏడాదికి తెములుతుంది.

పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకి ఈ ఏడాదే పంపొచ్చు, ఆరో తరగతి నుంచి అర్హులు. బడి నుంచి 5 ఆలోచనలు, ఎంపికైతే నమూనాకి ₹10,000. యూట్యూబ్‌లో చూసిన చెత్తబుట్ట, హైడ్రాలిక్ బ్రిడ్జి పంపితే పక్కన పడేస్తారు. వాళ్ల ఇంట్లో, పొలంలో, బడిలో రోజూ ఎదురయ్యే ఒక చికాకు, దానికి పిల్లలే అనుకున్న పరిష్కారం, ఒక బొమ్మ, అంతే రాయించండి.

ఎనిమిది నుంచి గణిత ఒలింపియాడ్ తొలి మెట్టు ఐఓక్యూఎం రాయొచ్చు. 3 గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు, పరీక్ష సెప్టెంబరులో. పాత పేపర్లు ముంబైలోని హోమీ భాభా సెంటర్ వెబ్‌సైట్‌లో ఉచితం. అమ్మాయిని కోచింగ్‌లో పెట్టనక్కర్లేదు, తేలికైన 2 మార్కుల ప్రశ్నలు వారానికి ఒకటి ఫైల్లో పెట్టండి. ఎన్‌టీఎస్‌ఈ (జాతీయ ప్రతిభా అన్వేషణ పరీక్ష) అని ఎవరైనా పుస్తకం అమ్మితే కొనొద్దు, ఆ పథకం 2021 నుంచి ఆగిపోయి ఉంది.

రెండో_బెంచి

ఇంత అవసరమా? వాళ్లను గ్రూపు లీడర్లను చేసి ఆ డజను మందికి నేర్పించమంటే రెండు పనులూ అవుతాయి కదా. లేదంటే నేరుగా ఎనిమిదిలో కూర్చోబెట్టండి.

స్లేటు_బలపం

అప్పుడప్పుడు ఒప్పుకుంటా సార్, రోజూ అయితే కాదు. చటుక్కున జవాబు తట్టే పిల్లకి మధ్య మెట్లు కనిపించవు, భాగహారం రాని పిల్లాడికి కావాల్సింది ఆ మెట్లే. పైగా ఆ అమ్మాయి నేర్చుకోవాల్సిన సమయం మన పనికి పోతుంది. క్లాసు దాటించడం కొన్నిసార్లు మంచిదే, కానీ అన్ని సబ్జెక్టుల్లో ముందుండాలి, పిల్లకి ఇష్టం ఉండాలి. పదో తరగతి నామినల్ రోల్స్ (పబ్లిక్ పరీక్షకు పంపే విద్యార్థుల జాబితా) నాటికి వయసు తక్కువైతే అండర్ ఏజ్ మినహాయింపు తెచ్చుకోవాలి, హెచ్‌ఎంతో ఇప్పుడే మాట్లాడాలి. లెక్కల పీరియడ్‌కి మాత్రమే పై క్లాసుకి పంపడం తేలిక, రెండు క్లాసుల్లో గణితం ఒకే పీరియడ్‌లో పడితే.

లెక్కల_టీచర్_7బి

అందరికీ ధన్యవాదాలు. మా టైమ్‌టేబుల్‌లో 7, 8 గణితం ఒకే పీరియడ్‌లో లేవు, కాబట్టి ఫైలే. సోమవారం సమీకరణాలతో మొదలుపెడతాను. ఒక సందేహం. అభ్యాసం మొత్తం చేయకపోతే నోట్‌బుక్‌లో ఖాళీలుంటాయి. తనిఖీకి వచ్చినవాళ్లు ఎఫ్‌ఏ మార్కులకు నోట్‌బుక్ చూస్తే? “వాళ్లకెందుకు హోంవర్క్ లేదు” అని మిగతావాళ్ల ఇళ్ల నుంచి వస్తే?

స్లేటు_బలపం

నోట్‌బుక్‌లో ఆ అభ్యాసం పేజీ పైన “కష్టమైన 5లో 4 సరి” అని తేదీ వేసి మీరు సంతకం పెట్టండి, ఆ 5 లెక్కలు కింద ఉంటాయి. ఎఫ్‌ఏలో ప్రాజెక్టు పనికి మార్కులు ఉంటాయి కదా, వరుస సంఖ్యల పట్టికని అక్కడ చూపించొచ్చు. లెసన్ ప్లాన్‌లో కూడా ఆ పీరియడ్ ఎదురుగా ఒక వరుస రాయండి: “ముందే వచ్చినవారికి: విస్తరణ పని 1”. హెచ్‌ఎం సంతకం ఉన్న ప్లాన్‌లో ఉంటే తనిఖీలో పేచీ రాదు.

ఇళ్ల నుంచి అడిగితే, ఈ అవకాశం 41 మందికీ ప్రతి అభ్యాసంలో ఉందని చెప్పండి. అది నిజంగా అలాగే ఉండాలి. ఏ వారమైనా ఆ ఇద్దరి పేర్లు మాత్రమే పిలిచారా, మిగతావాళ్లు మళ్లీ చెయ్యెత్తరు.