మీసం వల్ల స్నార్కెలింగ్ మాస్క్‌లోకి నీళ్లు వస్తున్నాయి, ఏం చేయాలి?

వచ్చే నెల హైదరాబాద్ నుంచి అండమాన్ వెళ్తున్నాం. హావ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) నాలుగు రోజులు, ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ (మాస్క్ పెట్టుకుని నీటిపై తేలుతూ, గొట్టంతో గాలి పీలుస్తూ నీటి కింద చూడటం). సాయంత్రాలు పాటలు, చేపల వేపుడు ఎక్కడ బాగుంటాయో మేమే వెతుక్కుంటాం. నా గొడవంతా మాస్క్‌తోనే.

కొత్తది కొన్నాను: రెండు అద్దాలు, చుట్టూ సిలికాన్ అంచు. మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో మూడు ఆదివారాలు వేసుకుని చూశాను. మొదటి రెండు నిమిషాలు బాగానే ఉంటుంది. తర్వాత సరిగ్గా ముక్కు కింద నుంచి నీళ్లు వస్తాయి, ఐదో నిమిషానికి ముక్కు మునిగిపోతుంది. నవ్వితే ఇంకా త్వరగా. ఒడ్డున పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే మాత్రం పడిపోకుండా అతుక్కునే ఉంటుంది, కాబట్టి సైజు తేడా కాదనుకుంటున్నా.

పట్టీ బిగించాను, ఇంకా ఎక్కువ కారింది. వదులు చేస్తే కాస్త నయం. మీసం 3 మిల్లీమీటర్లకు కత్తిరించినా పెద్ద తేడా లేదు. వ్యాజ్‌లీన్ రాస్తే పది నిమిషాలు ఆగింది గానీ, అది సిలికాన్‌ను పాడు చేస్తుందని కొందరంటున్నారు. అద్దాలకు ఆవిరి పట్టడం టూత్‌పేస్ట్‌తో రుద్ది కడిగాక తగ్గింది, దాంతో ఇబ్బంది లేదు.

మీసం పూర్తిగా తీసేయమని మా ఆవిడ సలహా. అది మాత్రం వేరే దారి లేకపోతేనే.

మీసం ఉంచుకునే సముద్రంలో అరగంటకు పైగా స్నార్కెలింగ్ చేసినవాళ్లు, ముక్కు కింద నుంచి నీళ్లు రాకుండా మీరేం చేశారు?