ఒకే అర్జీనా, ఎవరి అర్జీ వాళ్లదా?

కొండపి కుర్రోడు
మా ఊరి నించి మూడు సంఘాల వాళ్లు వచ్చే సోమవారం ఒంగోలు కలెక్టరేటుకి గ్రీవెన్స్‌కి పోదామనుకుంటున్నారు. డ్వాక్రా ఆడవాళ్లకి కాలనీ మొదట్లో ఉన్న బెల్టు షాపు ఎత్తేయించాలి. మాదిగపల్లె వాళ్లకి శ్మశానానికి దారి కావాలి. వికలాంగుల సంఘానికి సచివాలయం మెట్ల పక్కన ర్యాంపు కావాలి. సదరం (వైకల్యం ఎంత శాతమో తేల్చే సర్టిఫికెట్టు) మళ్లీ పరీక్షలంటూ పింఛన్ ఆపేస్తారేమోనని వాళ్లకి టెన్షన్ కూడా ఉంది. అందరం కలిసి ఒకే అర్జీ మీద సంతకాలు పెడితే బలంగా ఉంటుందని నేనన్నాను. మా బాబాయి ఒప్పుకోలేదు. ఆయనకి పోలియో కాలు, చాలా ఏళ్లుగా సంఘంలో తిరుగుతున్న మనిషి. "ముగ్గురి గొడవా ఒకే కాయితంలో రాస్తే ఎవరిదీ తేలదురా" అంటాడు. మీరేమంటారు?

పెన్నా ఒడ్డు
కలవాల్సిందే తమ్ముడూ, ఇందులో ఆలోచించేదేముంది? బెల్టు షాపు నడిపేవాడూ, దారి మూసేవాడూ, ర్యాంపు డబ్బులు మింగే కాంట్రాక్టరూ ఊళ్లో ఒకే అరుగు మీద కూర్చుంటారు. మనం మాత్రం మూడు చోట్ల కూర్చోవాలా?

చీరాల మాస్టారు
నాదీ అదే మాట. కారంచేడు మాకు పక్క ఊరే (ఇప్పుడు బాపట్ల జిల్లా అన్నారు గానీ అప్పటికి ప్రకాశమే). 1985 జులైలో గొడవ పుట్టింది మాదిగవాళ్లు తాగే చెరువు దగ్గర. ఆ నీళ్లు పాడు చేస్తున్న పెద్దకులం కుర్రాళ్లని అడ్డుకుని బిందె ఎత్తింది ఒక ఆడమనిషి. మర్నాడు, 17న, ఊరి మీద పడి ఆరుగురిని చంపారు. ఆడపిల్లల్ని చెరిచారు. మిగిలినవాళ్లు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. దళిత మహాసభ పుట్టింది ఆ ఏడే. 1989లో అట్రాసిటీ చట్టం రావడానికి కారంచేడు ఒక కారణం. ఆ హత్యల కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 అయింది. ఇప్పుడు చెప్పండి, ఆ బిందె ఆడవాళ్ల హక్కా, కులం హక్కా?

ఈదుమూడి దారి
మాస్టారూ, కథ అక్కడ ఆపితే ఎట్టా? కారంచేడులో చనిపోయింది మాదిగలు. ఆ తరవాత అందరం ఒకే గొడుగు కింద నిలబడ్డాం, మంచిదే. తొమ్మిదేళ్లు తిరిగేసరికి మా ఈదుమూడిలో 1994 జులై 7న దండోరా (మాదిగల రిజర్వేషన్ పోరాటం) ఎందుకు మొదలైంది? ఎస్సీల 15 శాతం రిజర్వేషన్‌లో గొడుగు మధ్యనున్నవాళ్లే నిలుస్తున్నారు, అంచున ఉన్నవాళ్లు తడుస్తున్నారు కాబట్టి. వర్గీకరణ, అంటే ఆ కోటాని కులాల వారీగా పంచమని, అడిగితే "ఐక్యత చెడగొడుతున్నారు" అన్నది బయటివాళ్లు కాదు, గొడుగులోని వాళ్లే. 2000లో చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు ఔనన్నాకగానీ తేలలేదు. ముప్పై ఏళ్లు! ఐక్యత అనే మాట ఎవరి నోట వస్తుందో చూసి నమ్మాలి.

చీరాల మాస్టారు
ఆ ముప్పై ఏళ్లలో మాల మాదిగలు ఒకళ్ల మీద ఒకళ్లు సభలు పెట్టుకుంటుంటే సంతోషించింది ఎవరు? అది కూడా రాయండి.

ఈదుమూడి దారి
రాస్తా. వాటా సరిగ్గా పంచి ఉంటే ఆ సభల అవసరం వచ్చేదే కాదు.

కావలి టీచరమ్మ
మీ ఇద్దరి వాదన తరవాత. నేను మా నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి చెబుతా. అక్షరదీపం (పెద్దలకి చదువు చెప్పే కార్యక్రమం) రోజుల్లో నేనూ వాలంటీరునే. మా వాచకంలో సీతమ్మ కథ అని పాఠం ఉండేది, మొగుడు సారా తాగి ఇల్లు గుల్లచేసే కథ. అది చదివాక ఆడవాళ్లు అక్షరాలు వదిలేసి మాటలు మొదలెట్టేవాళ్లు. రాత్రి బడి దగ్గరికి తాగొచ్చి గోల చేసేవాళ్లని తరమడంతో మొదలై, సారా బండ్లని ఊరి పొలిమేరలోనే ఆపేదాకా పోయింది. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. సారా వేలం పాటలు పాడే ధైర్యం కాంట్రాక్టర్లకి లేకుండా చేశారు. 1993 అక్టోబరు 1 నించి రాష్ట్రమంతా సారా బంద్. ఎందుకు గెలిచారు? అడిగింది ఒక్కటే కాబట్టి. "మా ఊళ్లోకి సారా రాకూడదు." కూలి రేటు, పట్టా, కట్నం, ఇవన్నీ కలిపి ఉంటే పటేలు ఇంటి ఆడది ఆ వరసలో నిలబడేది కాదు.

పెన్నా ఒడ్డు
అక్కా, గౌరవంతోనే అడుగుతున్నా, గెలిచింది ఏది? 1995లో మొత్తం మద్యనిషేధం తెచ్చారు, 1997లో ఎత్తేశారు. ఇప్పుడు క్వార్టరు 99 రూపాయలకే అమ్ముతున్నారు. ఒక్కటే అడిగితే ఒక్కటే ఇస్తారు, దాన్నీ వెనక్కి తీసుకుంటారు.

కావలి టీచరమ్మ
సారా వెనక్కి రాలేదుగా అబ్బయ్యా. ఇంకోటి, ఆ ఆడవాళ్లే తాగుడు మీద పోయే డబ్బు మిగిల్చి రోజుకి రూపాయి చొప్పున పొదుపు మొదలెట్టారు. నెల్లూరు పొదుపు సంఘాల పునాది అదే. ఈ కుర్రాడు చెబుతున్న డ్వాక్రా సంఘం ఈ రోజు అర్జీ రాస్తోందంటే అందులో వాళ్ల పాలు ఉంది. ఏదో ఒకటి గట్టిగా పట్టుకున్నాకే రెండోదానికి చెయ్యి సాగుతుంది.

నెల్లూరు నూర్
ఒకటే పట్టుకోమంటే మాలాంటోళ్లం ఏది పట్టుకోవాలి అక్కా? మైనారిటీ సభలో తలాక్ మాట ఎత్తితే "ఇప్పుడెందుకమ్మా, బయటోళ్లకి అలుసైపోతాం" అంటారు. మహిళా సభలో మా 4 శాతం రిజర్వేషన్ కేసు 2010 నించి సుప్రీంకోర్టులో నానుతోందంటే "అది మతం విషయం" అంటారు. 1985లో షాబానో విడిచిపెట్టిన మొగుడి మీద భరణం కేసు గెలిచింది, మరుసటి ఏడే చట్టం తెచ్చి ఆమె గెలుపుని నీరుగార్చారు. 2017లో మూడు తలాకులు చెల్లవని కోర్టు చెప్పింది, అది మా ఆడవాళ్లు వేసిన కేసే. 2019 చట్టం మాత్రం మొగుణ్ణి మూడేళ్లు జైల్లో పెడతానంటది. వాడు జైల్లో ఉంటే పిల్లలకి అన్నం ఎవరు పెడతారని మమ్మల్ని ఎవరూ అడగలేదు. మా తరఫున మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు, మమ్మల్ని అడిగేవాళ్లు లేరు.

కనిగిరి నీళ్లు
నూరక్క చెప్పింది అక్షరాలా మాకూ వర్తిస్తుంది. మా వైపు ఫ్లోరైడు నీళ్లు. నడుం వంగదు, మెడ తిరగదు, కానీ సదరంలో 40 శాతం పడితేనే మనిషి కింద లెక్క. ఆడదైతే ఆ సర్టిఫికెట్టు కోసం తీసుకెళ్లే తోడు కూడా దొరకదు.

అసలు ప్రశ్నకొస్తా. 1977 ఏప్రిల్‌లో అమెరికాలో వికలాంగులు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రభుత్వ ఆఫీసులో బైఠాయించారు. 1973లోనే చేసిన చట్టానికి నాలుగేళ్లయినా రూల్సు రాయలేదని. మూడు వారాలకి పైగా కదల్లేదు. వీల్‌చైర్లలో ఉన్నవాళ్లకి లోపల రోజూ తిండి ఎవరు పెట్టారు? నల్లవాళ్ల పార్టీ, బ్లాక్ పాంథర్లు. ఎందుకంటే ఆ బైఠాయింపులో బ్రాడ్ లోమాక్స్ అనే పాంథర్ ఉన్నాడు, ఆయన కూడా వీల్‌చైర్ మనిషే. రూల్సు మీద సంతకం అయింది. గమనించండి, పాంథర్లు తమ డిమాండు అందులో కలపలేదు. అన్నం పెట్టారు, అంతే. మన దగ్గర కూడా వికలాంగుల హక్కుల పోరాట సమితికి వెన్నుదన్ను దండోరా పెట్టిన మంద కృష్ణే. మాదిగ డిమాండు వేరు, పింఛన్ డిమాండు వేరు, తిరిగిన కాళ్లు మాత్రం అవే.

అదే దేశంలో ఇంకో కథ. 1869లో నల్లజాతి మగవాళ్ల ఓటు ముందా, ఆడవాళ్ల ఓటు ముందా అని తేలక మహిళా ఉద్యమం రెండుగా చీలింది. ఎలిజబెత్ స్టాంటన్ లాంటి పెద్దావిడ నల్లవాళ్ల గురించి అనరాని మాటలు అన్నది. దేశమంతా ఆడవాళ్లకి ఓటు రావడానికి 1920 పట్టింది. ఒకే కాయితం మీద ‘ముందు ఎవరిది’ అని వరస పెట్టిన రోజే తగువు మొదలవుతుంది. కుర్రోడా, మీ బాబాయి చెప్పింది సబబు.

రిటైర్డ్ గుమాస్తా
సిద్ధాంతాలు నాకు తెలీవు. గ్రీవెన్స్ హాల్లో అర్జీలు నమోదు చేసిన అనుభవంతో చెబుతున్నా. బెల్టు షాపు ఎక్సైజ్‌కి పోతుంది, దారి తహసీల్దారుకి, ర్యాంపు పంచాయతీరాజ్ ఇంజినీర్లకి. ఒకే అర్జీలో మూడూ రాస్తే మొదటి పేరా చదివి ఒక శాఖకి పంపుతారు. మిగతా రెండూ "పరిష్కరించబడినది" అన్న ముద్రతో మూసేస్తారు. మూడు అర్జీలు రాయండి. ర్యాంపు అర్జీలో బతిమాలే మాటలు వద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద 2017లో రూల్స్ వచ్చాయి, ప్రభుత్వ భవనాలు మార్చడానికి అయిదేళ్ల గడువు. అది 2022లోనే దాటింది. ఆ సెక్షన్ 45 అని రాయండి చాలు.

పెన్నా ఒడ్డు
సరే, కాయితాలు మూడు. వరసలో అందరూ కలిసే నిలబడతారుగా?

కొండపి కుర్రోడు
అసలు చిక్కు అక్కడే ఉందన్నా. శ్మశానం దారికి అడ్డం పడిన చేను డ్వాక్రా లీడరమ్మ వాళ్లాయనదే. మొదట రాయలేదు, ఊరి సంగతి బయట పెట్టడమెందుకని. ఆవిడ మంచిదే. బెల్టు షాపు మీద ఊళ్లో మొదట నోరెత్తింది ఆవిడే. దారి మాట వచ్చేసరికి ఏం మాట్లాడట్లేదు.

ఈదుమూడి దారి
ఇదీ అసలు రంగు. ఇక ఏ ఐక్యత గురించి మాట్లాడతారు?

కావలి టీచరమ్మ
తొందరపడి ఆవిణ్ణి దోషిని చెయ్యొద్దు. చేను వాళ్లాయన పేరు మీదుంది. మన రాష్ట్రంలో ఆడబిడ్డలకి వాటా చట్టం 1986లో వచ్చింది, అప్పటికే పెళ్లైపోయినవాళ్లకి 2005 దాకా అదీ లేదు. ఆవిడ పేరున సెంటు భూమి లేనప్పుడు ఆవిడ సంతకంతో దారి వస్తుందా?

ఈదుమూడి దారి
శవాన్ని మోసుకుని మోకాలి లోతు బురదలో మడి గట్ల మీద నడిచేవాళ్లకి ఈ చట్టం చరిత్ర ఎందుకు టీచరమ్మా? సంతకంతో దారి రాకపోవచ్చు. ఆవిడ ఎటువైపో తెలుస్తుంది.

నెల్లూరు నూర్
ఒక మాట. ఆ ఊళ్లో యానాదులు లేరా? ఇంత చర్చలో వాళ్ల పేరే రాలేదు.

కొండపి కుర్రోడు
ఉన్నారక్కా, చెరువుకట్ట మీద కొన్ని ఇళ్లు. రొయ్యల గుంటలకి కాపలా పోతారు. వాళ్లకి సంఘం లేదు.

కనిగిరి నీళ్లు
సంఘం లేనివాళ్ల అర్జీ ఎవరు రాస్తారు మరి? నాలుగో కాయితం కూడా తీసుకోండి. ముందు వాళ్లనడిగి రాయండి, మీరు ఊహించి కాదు.

కొండపి కుర్రోడు
బాబాయి ఈ పోస్టులన్నీ చదివించుకున్నాడు. "దారి అర్జీ మీద నా సంతకం మొదట పెడతా. లీడరమ్మని నలుగురిలో అడగొద్దు, మీ అమ్మని పంపించు" అన్నాడు. అమ్మ రేపు పొద్దున వెళ్తుంది. ఆవిడ కాదంటే బెల్టు షాపు అర్జీకి మాదిగపల్లె ఆడవాళ్లు సంతకం పెట్టరంట, అది ఇప్పుడే చెప్పేశారు. గుమాస్తాగారూ, దారి అర్జీకి ఏం జత చేయాలి?

రిటైర్డ్ గుమాస్తా
ఎఫ్‌ఎంబీ (పొలాల సర్వే పటం) నకలు, అడంగల్ (ఏ చేను ఎవరిదో చూపే రికార్డు), ఇప్పుడు నడుస్తున్న గట్ల ఫొటోలు. పాత మ్యాపులో దారి చూపించి ఉంటే కొనుగోలు అవసరం లేదు, ఆక్రమణ కిందే వస్తుంది. ముందు అది చూడండి. రసీదు నంబరు తీసుకోకుండా హాల్లోంచి బయటికి రావద్దు.