పేపర్‌లో సాఫ్టెనింగ్ టేబుల్ ఉంది, ఎలిమెంట్ సైజు లేదు. ఏం చేయాలి?

కూకట్‌పల్లి స్కాలర్:
అందరికీ నమస్కారం. నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నదాన్ని. కాంక్రీట్ బీమ్‌లో పగులు ఎలా పెరుగుతుందన్నది నా అంశం. సొంతంగా బీమ్‌లు పోసే ముందు, అచ్చయిన ఒక పేపర్‌లోని నాచ్ బీమ్‌ను (మధ్యలో ముందే గాటు పెట్టిన బీమ్) అబాకస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో చేసి చూస్తున్నాను. త్రీ పాయింట్ బెండింగ్ (రెండు చివర్లా ఆనించి మధ్యలో నొక్కడం), అబాకస్‌లోని కాంక్రీట్ డ్యామేజ్డ్ ప్లాస్టిసిటీ మోడల్.

టెన్సైల్ స్ట్రెంగ్త్ 3 ఎంపీఏ, ఫ్రాక్చర్ ఎనర్జీ (పగులు తెరవడానికి ఖర్చయ్యేది) మీటరుకు 90 న్యూటన్లు అని రాశారు. పగిలాక స్ట్రెస్ సరళరేఖలో తగ్గుతూ, క్రాకింగ్ స్ట్రెయిన్ 0.012 దగ్గర సున్నా అవుతుంది. ఇలా స్ట్రెస్ తగ్గడమే సాఫ్టెనింగ్; ఆ టేబుల్‌నే ఉన్నదున్నట్టు ఇచ్చి 10, 4, 2 మి.మీ. మెష్‌లతో (బీమ్‌ను విడగొట్టిన ఎలిమెంట్ల సైజు) నడిపాను. మూడింటికీ మూడు కర్వ్‌లు! మెష్ సన్నబడే కొద్దీ బీమ్ పెళుసుగా విరుగుతోంది. పేపర్ కర్వ్ 10కీ 4కీ మధ్యలో పడుతోంది. రచయితలకు మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

ఇంకో మాట. నా పని అయ్యాక ఇన్‌పుట్ ఫైళ్లు అందరికీ ఇవ్వాలని ఉంది. పేపర్ రాకముందే ఇస్తే వేరేవాళ్లు వాడేసుకుంటారని ల్యాబ్‌లో సీనియర్లు భయపెడుతున్నారు. మీరైతే ఏం చేస్తారు?

ఉప్పల్ సిమ్యులేషన్:
అమ్మా, మీ మోడల్ బాగానే ఉంది. ఆ టేబుల్ ఒక్క ఎలిమెంట్ సైజుకే పనికొస్తుంది, అదేమిటో వాళ్లు రాయలేదు.

సాఫ్టెనింగ్ మొదలయ్యాక పగులు ఒకే వరస ఎలిమెంట్లలో ఇరుక్కుంటుంది. అక్కడ ఖర్చయ్యే ఎనర్జీ అంటే టేబుల్ కింది వైశాల్యాన్ని ఎలిమెంట్ వెడల్పుతో గుణించినంత. మీ టేబుల్ వైశాల్యం 3 ఎంపీఏ × 0.012లో సగం, అంటే 0.018. దాన్ని 10 మి.మీ.తో గుణిస్తే మీటరుకు 180 న్యూటన్లు, 4తో 72, 2తో 36. మూడు మెష్‌లలో మూడు వేర్వేరు కాంక్రీట్లను పరీక్షించినట్టే అయింది. కర్వ్‌లు ఎలా కలుస్తాయి?

ఇప్పుడు వెనక్కి లెక్క కట్టండి. వాళ్లు చెప్పిన ఎనర్జీ 90 కాబట్టి, 0.09ని 0.018తో భాగిస్తే 5 మి.మీ. వాళ్ల మెష్ అదే అయ్యుండాలి. పేపర్‌లో మెష్ బొమ్మ ఉంటే బీమ్ లోతులో ఎన్ని ఎలిమెంట్లున్నాయో లెక్కపెట్టి సరిచూసుకోండి.

ఇకపై స్ట్రెయిన్ టేబుల్ వద్దు. స్ట్రెస్‌కి ఎదురుగా పగులు తెరుచుకున్న దూరం ఇవ్వండి. మీ కేసులో 0.06 మి.మీ. దగ్గర సున్నా. లేదా అబాకస్‌లో జీఎఫ్‌ఐ అనే ఆప్షన్ ఎంచుకుని ఫ్రాక్చర్ ఎనర్జీనే నేరుగా ఇవ్వండి. న్యూటన్, మిల్లీమీటర్ యూనిట్లలో అది 0.09. 1976లో హిల్లర్‌బోర్గ్ బృందం పగులును తెరుచుకున్న దూరంతో వర్ణించింది. 1983లో బజాంట్, ఓహ్ అనే ఇద్దరు క్రాక్ బ్యాండ్ పద్ధతిలో ఎనర్జీని ఎలిమెంట్ వెడల్పుకు ముడిపెట్టారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎలిమెంట్ సైజు రాయకుండా టేబుల్ అచ్చవుతోందంటే నాకు నిజంగా బాధ. ఇన్‌పుట్ ఫైల్ జతచేసి ఉంటే మీరు అయిదు నిమిషాల్లో చూసుకునేవారు.

బాలానగర్ టెస్టింగ్:
ల్యాబ్ వైపు నుంచి ఒక మాట. పేపర్ కర్వ్‌లో అడ్డంగా ఉన్నది నాచ్ నోటి దగ్గర క్లిప్ గేజ్ చూపిన తెరుపా, మెషిన్ క్రాస్‌హెడ్ (బీమ్‌ను నొక్కే భాగం) కదలికా? రెండోదైతే ఫ్రేమ్ సాగడం, సపోర్ట్‌ల దగ్గర నలగడం అన్నీ అందులో కలిసిపోతాయి, మొదటి వాలు ఎప్పటికీ కుదరదు. బీమ్ సొంత బరువు కూడా లెక్కలోకి తీసుకోండి. రైలెమ్ (నిర్మాణ పదార్థాల అంతర్జాతీయ సంస్థ) 1985 పద్ధతిలో ఫ్రాక్చర్ ఎనర్జీకి దాన్ని కలుపుతారు.

గచ్చిబౌలి పోస్ట్‌డాక్:
మీ రెండో ప్రశ్నకు. నేను జెనోడో అనే ఆన్‌లైన్ పరిశోధన ఫైళ్ల నిల్వలో పెడతాను. యూరప్ భౌతికశాస్త్ర సంస్థ సెర్న్ 2013లో మొదలుపెట్టింది, ఉచితం, డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) వస్తుంది, తేదీ నమోదవుతుంది. ఆ పని ముందు మీరే చేశారనడానికి ఇంతకంటే ఏం కావాలి? గైడ్‌కి ఇబ్బందైతే ఎంబార్గో తేదీ (అప్పటిదాకా ఫైళ్లు మూసే ఉంటాయి) పెట్టుకుని, పేపర్ వచ్చాక ఫైళ్లు తెరవండి. అబాకస్ ఫలితాల ఓడీబీ ఫైల్ బరువు, అక్కర్లేదు. ఇన్‌పుట్ ఫైల్, లోడ్–తెరుపు అంకెల సీఎస్‌వీ, యూనిట్లు రాసిన రీడ్‌మీ చాలు. ల్యాబ్‌లో కొలిచిన అంకెలు కూడా తప్పకుండా పెట్టండి. బొమ్మ మీద చుక్కలు గుర్తుపెట్టి కర్వ్ లాక్కోవడం ఎంత నరకమో ఇక్కడ అందరికీ తెలుసు.

కూకట్‌పల్లి స్కాలర్:
ఉప్పల్ సర్, జీఎఫ్‌ఐతో 0.09 ఇచ్చాను. 10, 4, 2 మూడూ దాదాపు ఒకే కర్వ్ మీదికి వచ్చాయి! మెష్ బొమ్మలో లెక్కపెడితే 100 మి.మీ. లోతుకు 20 ఎలిమెంట్లు, మీరన్న 5 మి.మీ.యే. బాలానగర్ సర్, వాళ్లది క్లిప్ గేజే.

గైడ్‌తో మాట్లాడాను. ఎంబార్గో అనగానే ఒప్పుకున్నారు. 2 మి.మీ. మెష్ మాత్రం పీక్ దాటాక ఆగిపోతోంది. లెక్క ఆగిపోకుండా సాయపడే విస్కాసిటీ పారామీటర్ 0.0001 పెట్టి నడుపుతున్నాను. అది కర్వ్‌ను ఎంత మారుస్తోందో సున్నాతో పోల్చి, ఆ రెండు కర్వ్‌లనూ రీడ్‌మీతో పాటు పెడతాను. ఆ విలువ రాసిన పేపర్ నాకింకా దొరకలేదు.