25 బోరులో 25 షాఫ్టు ఎందుకు దిగలేదబ్బా?

కావలి లేతు:
అందరికీ నమస్కారం. కావలిలో నాది చిన్న లేతు షాపు. పని ఎక్కువగా రొయ్యల గుంటల నుంచే వస్తాది. ఉప్పునీళ్లకి ఏరియేటర్ (గుంట నీళ్లకి గాలి పట్టించే మిషన్) సామాన్లు ఏవీ నిలవవు గదా. తెడ్డు చక్రం మధ్య హబ్బు మాటిమాటికీ పగులుతోందని మా చెల్లెలి కొడుకు, డిప్లొమా పిల్లోడు, ఫ్రీక్యాడ్ అనే కంప్యూటర్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసి, ఆ ఆకారాన్ని ఎస్‌టీఎల్ అనే త్రీడీ ఫైలుగా చెన్నైలో ఒక త్రీడీ ప్రింటింగ్ షాపుకి పంపినాడు. నైలాన్‌లో చేసిచ్చారు. బోరు, అంటే మధ్య బెజ్జం, 25 మి.మీ. గీశాడంట. అందులో దూరాల్సిన కడ్డీ, నా షాఫ్టూ 25. సుత్తితో కొట్టినా దిగలా. వెర్నియర్ పెడితే బోరు 24.8 చూపించింది. "మామా, కంప్యూటర్ తప్పు చెయ్యదు" అంటాడు. అయితే తప్పు నా షాఫ్టుదా?

ఒంగోలు డిజైనర్:
షాఫ్టుది కాదు బాబాయ్. ఎస్‌టీఎల్‌లో గుండ్రం అనేదే ఉండదు, అన్నీ త్రికోణాలే. 25 బోరు 24 పలకలుగా మారిందనుకోండి, మూలలు వృత్తం మీదే ఉంటాయి, పలకలు మాత్రం లోపలికి జరుగుతాయి. ఎదురెదురు పలకల మధ్య 24.79 మిగులుతుంది. దానికితోడు నైలాన్ చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత మిషన్) వాళ్లకైతే స్టెప్ అనే ఇంకో రకం ఫైలు ఇవ్వండి, అందులో సిలిండరు సిలిండరుగానే ఉంటుంది.
ఇంకోటి, ఎస్‌టీఎల్‌లో అంగుళాలా మిల్లీమీటర్లా అని రాసి ఉండదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో 5 అంగుళాల బ్రాకెట్ గీసి పంపితే 5 మి.మీ. ముక్క చేతికొచ్చింది. ఇప్పటికీ నా తాళాలగుత్తికి వేలాడుతోంది.

చీమకుర్తి సీఎన్‌సీ:
ఫైలు సరిగ్గా ఉన్నా 25లో 25 జారదు పెద్దాయనా, వెంట్రుకవాసి సందు కావాలి. బోరుకి క్యాపిటల్ హెచ్ 7 అని రాస్తే 25.000 నుంచి 25.021 లోపు తీస్తారు. షాఫ్టుకి చిన్న హెచ్ 6 అంటే 24.987 నుంచి 25.000. బొమ్మలో ఉత్త 25 కనబడితే మిషన్ మీదున్నోడికి ఏం తెలుస్తుంది? ఫైలుతో పాటు ఈ కొలతలన్నీ రాసి పీడీఎఫ్ డ్రాయింగ్ కూడా పంపమనండి.

కావలి లేతు:
టార్చి వేసి చూస్తే పలకలు నిజంగానే కనబడినాయి! హబ్బుని చక్‌లో పట్టి బోరు 25.1 తీసేశా, గుంటలో తిరుగుతా ఉంది. కొత్తది గీసేముందు షాఫ్టు ఎంత అరిగిందో మైక్రోమీటరు పెట్టి చూసుకోమని పిల్లోణ్ణి షాపుకి రమ్మన్నా. మళ్లీ ప్రింటే చేయిస్తానంటున్నాడు, ఎస్‌టీఎల్ తీసేటప్పుడు డీవియేషన్, అదే పలక గుండ్రం నుంచి ఎంత దూరం జరగొచ్చో ఆ లెక్క, ఎంత పెట్టమంటారు?

ఒంగోలు డిజైనర్:
0.01 పెట్టమనండి బాబాయ్. ఫైలు కాస్త బరువెక్కుతుంది, అంతే.