ఢిల్లీ కారా, భీమవరం కారా: పాత ఆక్టేవియా వీఆర్ఎస్ ఎక్కడ కొనడం మేలు?

గౌతమి_తీరం (అమలాపురం):
సభ్యులందరికీ నమస్కారం. స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ 230 కొనాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. ఇప్పుడు రెండు కార్లు నా దృష్టిలో ఉన్నాయి. రెండూ 2018 నాటి పెట్రోలు కార్లే, తిరిగిన కిలోమీటర్లు కూడా ఇంచుమించు సమానమే. ఢిల్లీ డీలరు 15.5 లక్షలు చెబుతున్నాడు. భీమవరంలో ఉన్నది మా మేనమామగారి స్నేహితులది. వారు 19 లక్షలకు తగ్గేది లేదంటున్నారు. మూడున్నర లక్షలు ఎక్కువ పెట్టి దగ్గరి కారు కొనవచ్చునా?

కాలువగట్టు (తణుకు):
ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు వాహనాలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అప్పటి నుంచి అక్కడివారు వదిలించుకోవాలనుకున్న ప్రతి కారూ దక్షిణాదికి వస్తోంది. వాళ్లు వద్దనుకున్న బండిని మనం నెత్తికెత్తుకోవడం దేనికి? భీమవరం కారు తీసుకోండి.

వశిష్ఠ (నరసాపురం):
కాలువగట్టు గారూ, 2018 పెట్రోలు కారుకు పదిహేనేళ్లు నిండేది 2033లో. ఆ ఆదేశం అమలులో తరువాత మార్పులు వచ్చిన మాట అటుంచినా, దాని భయం ధర మీద పడుతుంది తప్ప ఇంజను మీద పడదు. అక్కడ కొనేవాడు తనకు మిగిలిన ఏళ్లు లెక్కపెట్టుకుని ధర తగ్గిస్తాడు. ఆ లెక్క కోనసీమలో తిరగబోయే కారుకు వర్తించదు.

అడిగినవారు చూడవలసినవి వేరే ఉన్నాయి. ఈ కారులో ఉన్నది ఆరు గేర్ల తడి క్లచ్ డీఎస్‌జీ, అంటే నూనెలో మునిగి ఉండే రెండు క్లచ్‌లతో గేర్లు తనంతట తానే మార్చుకునే గేర్‌బాక్సు. 60,000 కిలోమీటర్లకు ఒకసారి దాని నూనె, ఫిల్టరు మార్చి తీరాలి, మార్చినట్టు బిల్లు చేతికి రావాలి. థర్మోస్టాట్, నీటి పంపు ఉండే ప్లాస్టిక్ భాగం దగ్గర కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) కారడం ఈ రెండు లీటర్ల ఇంజనుకు తెలిసిన జబ్బే. ఇవి వేగం కోసం కొనే కార్లు కనుక చాలామంది ఇంజను సాఫ్ట్‌వేరు మార్పించి శక్తి పెంచుకుంటారు, అమ్మే ముందు మళ్లీ పాతది ఎక్కిస్తారు. అందువల్ల ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు స్టార్టు చేయించి వినండి, ఆ పైన స్కానర్ (కారులోని కంప్యూటర్లను చదివే పరికరం) పెట్టించండి. మీటరు వెనక్కి తిప్పినా, కారులోని కొన్ని కంట్రోల్ యూనిట్లలో, అంటే ఆ చిన్న కంప్యూటర్లలో, పాత కిలోమీటర్ల లెక్క మిగిలిపోయే అవకాశం ఉంది.

లంకగాలి (ముమ్మిడివరం):
పక్కనే యానాం ఉండగా ఢిల్లీ దాకా ఎందుకు? పీవై 04 నంబరు కార్లు చవకగానే దొరుకుతాయి కదా.

కాలువగట్టు:
లంకగాలి గారూ, యానాం పుదుచ్చేరి పాలనలోనిది కనుక అక్కడి పన్ను మన రాష్ట్రంలో చెల్లదు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం వేరే చోట రిజిస్టరైన బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంటే తిరిగి రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే.

వశిష్ఠ గారు ఇంజను గురించి ఎంత చెప్పినా పన్ను ఊసెత్తలేదు. ఢిల్లీ కారుకు 28వ నంబరు ఫారంతో ఎన్‌వోసీ (అక్కడి రవాణా కార్యాలయం అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) తేవాలి, లోను ఉంటే అది తీరినట్టు బ్యాంకు నుంచి 35వ ఫారం తేవాలి, ఆ తరువాత ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్‌ను కారు కొత్తగా ఉన్ననాటి ధర, దాని వయసు చూసి నిర్ణయిస్తారు. బేరంలో ధర తగ్గినంత మాత్రాన పన్ను తగ్గదు. దానికి తోడు లారీ మీద తెచ్చే ఖర్చు కలిపితే ఆ మూడున్నర లక్షల్లో మిగిలేది ఎంతో ఆయననే లెక్క వేయమనండి.

వశిష్ఠ:
అంతా కలిపినా ఎంతో కొంత మిగులుతుంది. మిగలకపోయినా నా వాదన మారదు, ఎందుకంటే ముందుగా తేలవలసింది కారు మంచిదా కాదా అన్నది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి, కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలాంటి బండి శుభ్రంగా కడిగి మెరుగుపెట్టి అమ్మకానికి వస్తే, అది చుట్టుపక్కల జిల్లాలకు రాదని ఎవరు హామీ ఇస్తారు? సీటు బెల్టును చివరి దాకా లాగి బురద చార ఉందేమో చూడాలి, సీట్ల కింది పట్టాలకు తుప్పు, వైర్ల జాయింట్ల దగ్గర పచ్చని చిలుము ఉన్నాయేమో చూడాలి. మన జిల్లా నంబరు ఉన్నంత మాత్రాన ఈ పరీక్షలు మానుకోమంటారా?

శివారు_రైతు (పాలకొల్లు):
ఏ కారైనా సరే, మా కాలువ గట్ల దారుల్లో స్పీడు బ్రేకర్లకు అడుగు భాగం తగులుతుంది. ముందు అది ఆలోచించండి.

కాలువగట్టు:
వశిష్ఠ గారూ, నేను పన్ను గురించి చెబితే మీరు వరద గురించి చెబుతున్నారు. ఆయన మేనమామగారి స్నేహితులు మునిగిన కారు అంటగడతారని మీ ఉద్దేశమా? మన ప్రాంతపు మనుషుల మీద మీకు నమ్మకం లేదని ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వాదించేవాణ్ణి కాదు.

వశిష్ఠ:
నమ్మకం గురించి ఎత్తారు కనుక చెబుతాను. మా వియ్యాలవారి వైపు దగ్గరి బంధువు దగ్గర కారు కొన్నాను. ముహూర్తం పెట్టి, భోజనం పెట్టి, తాళాలు చేతిలో పెట్టారు. వేరే మెకానిక్‌కు చూపిస్తానని అనగానే ఆ ఇంట్లో అందరి ముఖాలు మారాయి, మా ఇంటావిడ కన్నీళ్లు పెట్టుకుంది, దానితో ఆ మాట అక్కడే ఆగింది. వర్షాకాలం వచ్చేసరికి కార్పెట్ కింది నుంచి బురద వాసన మొదలైంది. ఈ రోజుకీ వారిని ఒక్క మాట అడగలేకపోతున్నాం, ఎందుకంటే అమ్మాయి ఆ ఇంట్లో ఉంది. ఢిల్లీ డీలరు నాకు ఏమీ కాడు. వాడి కారును విప్పి చూపించమనవచ్చు, వద్దని లేచి రావచ్చు.

కాలువగట్టు:
మీకు జరిగినది బాధాకరమే. మా తమ్ముడు బయటి రాష్ట్రం నుంచి కారు తెప్పించుకున్నాడు. డబ్బు చేతిలో పడిన నాటి నుంచి బ్రోకరు ఫోను ఎత్తలేదు, ఆర్‌సీలో లోను అలాగే ఉండిపోయింది, ఎన్‌వోసీ రాలేదు. కారు షెడ్డులో నిలిచిపోయింది. వాడు వెళ్లి ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? భీమవరంలో అయితే ఇల్లు తెలుసు, నలుగురు పెద్దలను తీసుకువెళ్లి కూర్చోవచ్చు. ఆ ధైర్యానికి మూడున్నర లక్షలు ఎక్కువ కాదని నేను మొదటి నుంచీ అంటున్నాను.

గౌతమి_తీరం:
మీ ఇద్దరి మాటలూ విన్నాక నా అసలు ఇబ్బంది ఏమిటో నాకు తెలిసింది. మామయ్య స్నేహితుల కారుకు స్కానర్ పెట్టిస్తానని అడగాలంటే నాకు నోరు రావడం లేదు. అడగకుండా 19 లక్షలు ఇవ్వడానికి మనసు ఒప్పడం లేదు.

కాలువగట్టు:
అడిగితే మీ మామయ్యగారి మాట పోతుంది. సర్వీసు రికార్డు తీసుకోండి, ఆ కారు చూసే మెకానిక్‌తో విడిగా మాట్లాడండి, అది చాలు.

వశిష్ఠ:
చాలదు. ఆ మెకానిక్ వారి మనిషి. మీ మామయ్యగారికే ముందు చెప్పి, ఆయన చేతే అడిగించండి. వారు ఒప్పుకుంటే బయానా ఇవ్వండి, ఒప్పుకోకపోతే ఆ కారు మాట ఎత్తవద్దు.

గౌతమి_తీరం:
ఈ రాత్రి మామయ్యతో మాట్లాడతాను. బయానా ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.